పద్దెనిమిది ఇళ్ల గాజు

గాజులో మొత్తం ఎనభై ఒక్క రాళ్లున్నాయి. వైకుంఠం మూడుసార్లు లెక్కపెట్టాడు, మూడుసార్లూ అంతే వచ్చాయి. అయినా అనుమానం తీరక నాలుగోసారి మొదలుపెట్టబోతుంటే కుల్సుమ్ ఆపింది.

“రాళ్లు గాదన్నా, ఇండ్లు లెక్కబెట్టు. పద్దెనిమిది ఇండ్లుంటయ్. మా ఇంటాయన గట్లనే లెక్కబెడ్తుండె.”

‘లెక్కబెడ్తుండె’ అన్న మాట తన చెవికే అశుభంగా వినిపించిందేమో, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భర్త ఖాజా బతికే ఉన్నాడు. కాకపోతే నిన్న శుక్రవారం సాయంత్రం నుంచి ఠాణాలో ఉన్నాడు. ఈ రాజ్యంలో సెలవు శుక్రవారమే, ఆదివారం కాదు; రేపు పొద్దున పదింటికి అతన్ని అదాలత్‌లో నిలబెడతారు. మొఘల్‌పురాలో లెక్కల పంతులు ఈశ్వరయ్యతో ఒక లెక్క మీద తగువుపడి, ఆయన తల పగలగొట్టింది ఖాజాయేనని ఠాణా అమీన్ బాలకిషన్ కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాడు. పంతులు దవాఖానాలో ఇంకా కళ్లు తెరవలేదు. ఆయన ప్రాణం పోతే ఇక ఖాజాకు ఉరితాడే.

వైకుంఠం ఇరవై ఏళ్లు అదాలత్‌లో తర్జుమా పని చేసినవాడు. ఉర్దూ ఫిర్యాదును తెలుగులోకి, తెలుగు వాంగ్మూలాన్ని ఉర్దూలోకి, అవసరమైతే రెండింటినీ ఇంగ్లీషులోకి తిప్పి తిప్పి ఆయనకు ఒక సంగతి బోధపడింది. మనిషి నోటితో ఎంత అబద్ధమైనా ఆడగలడు గాని, కాగితం మీద ఆడితే చెయ్యి ఎక్కడో ఒకచోట పట్టిస్తుంది. ఆ నమ్మకంతోనే నౌకరీ వదిలి, కేసుల గుట్టు లాగే ఈ జాసూసు పనిలో పడ్డాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఇంట్లో ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

వాళ్లు కూర్చున్న ఖాజా దుకాణం లాడ్ బజార్‌లో పదిహేనో నంబరు. గుమ్మం పైన నీలం రేకు, దాని మీద తెల్ల రంగుతో ఉర్దూ అంకెలు. లోపల చల్లారిన కుంపటి, లక్క ముద్దలు, రంగురాళ్ల డబ్బాలు. ఇరవై ఏళ్లుగా ఒక్క శుక్రవారం మధ్యాహ్నం తప్ప చల్లారని కుంపటి అది.

“ఇంతకు ఈ గాజు ఎవరి చేతికమ్మా?”

“ఎవరి చేతికీ గాదు. లెక్కకు,” అన్నది కుల్సుమ్. “పంతులు ఒకనాడు వచ్చి గిట్లన్నడు. ‘ఖాజా భాయ్, నా దగ్గర ఒక లెక్క ఉన్నది. అది పొడుగుది గాదు, గుండ్రంది. కాయితం మీద పండవెడితే దానికి నిద్ర వడ్తలేదు. గాజు చేసిస్తవా?’ మా ఆయన పడిపడి నవ్విండు. నవ్వి నవ్వి, చేస్త అన్నడు.”

రెండు వేళ్ల వెడల్పున్న లక్కగాజు. సన్నటి గీతలతో చుట్టూ పద్దెనిమిది గళ్లు. ఒక ఇంట్లో ఒక రాయి, ఒక ఇంట్లో అయిదు, ఒక ఇంట్లో తొమ్మిది. ఒకే ఒక ఇల్లు మాత్రం ఖాళీ. వైకుంఠం ఆ ఖాళీ ఇంటికి ముందున్న ఒంటిరాయి ఇంటి నుంచి మొదలుపెట్టి, గాజు తిప్పుకుంటూ జేబు పుస్తకంలో అంకెలు వేశాడు.

105263157894736842.

“తోకల ఉన్న రెండును తెచ్చి తలకాడ పెట్టమంటడు పంతులు,” అంది కుల్సుమ్. “అంటే గాజును ఒక్క ఇల్లు జరుపుడే. జరిపితే లెక్క రెండింతలయితదట. నాకేం సమజయితది అన్నా. గా ఇద్దరే చిన్నపిల్లల లెక్క మురిసేటోళ్లు.”

వైకుంఠం తోకను తెచ్చి తలకు పెట్టాడు. 210526315789473684. తర్వాత పక్కన మొదటి లెక్కను రెండుతో హెచ్చించాడు. కుడి నుంచి ఎడమకు ఒక్కో అంకె దింపుకుంటూ పోతుంటే చివరికి అదే వచ్చింది, ఒక్క అంకె తేడా లేకుండా. కోట్ల కోట్లు దాటిన సంఖ్య, ఏమీ చేర్చకుండా, ఏమీ తీసెయ్యకుండా, ఒక్క ఇల్లు జరిగితే రెట్టింపయింది. కేసు సంగతి మరిచి ఆయన కాసేపు ఆ గాజునే చూస్తూ కూర్చున్నాడు. ఇలాంటి లెక్క కోసం ఒక మనిషి ఇంకో మనిషిని చంపబోతాడా? ఇద్దరూ కలిసి ముద్దు చేసుకున్న లెక్క ఇది.

“బుధవారం లొల్లి అయిందంట గద?”

“అయింది, పంతులింటికాడ. ఎనిమిది రాళ్ల ఇంట్ల ఏడే పడ్డయి. పంతులు చేతిల పట్టుకోంగనె ‘తప్పు’ అన్నడు. మా ఆయనకు కోపమొచ్చి, లెక్కబెట్టకుండ ఎట్ల చెప్తవ్, నా చెయ్యి తప్పదు, నీ లెక్కనే తప్పు అని అరిసిండు. గల్లి గల్లంత విన్నది. పంతులేమో ‘ఎదురింటిని అడుగు’ అనుకుంట నవ్విండు. గురువారం మా ఆయన గాజు కరగబోసి మళ్ల కొత్తగ చేసిండు. ఇంకా ఇయ్యనే లేదు.”

ఎదురింటిని అడుగు. ఆ మాటను వైకుంఠం పుస్తకంలో రాసుకుని, గాజును రుమాలులో చుట్టి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

“నిన్న ఖాజా ఎన్నింటికి దుకాణం బంద్ చేసిండు?”

“పదకొండింటికి. జుమ్మా గద. ఇంటికొచ్చి తానం చేసి, కొత్త అంగీ తొడుక్కొని మసీదుకు పోయిండు. నేను చూసిన. పెండ్లాం మాట సాచ్యం గాదట గద అన్నా.”

“ఫికర్ చెయ్యకు,” అన్నాడు వైకుంఠం. అనడమైతే అన్నాడు గాని, లోపల ఆయనకే ఫికరుగా ఉంది.

* * *

మూడు దాటి పది నిమిషాలకు ఆయన మొఘల్‌పురాలో ఈశ్వరయ్య ఇంట్లో అడుగుపెట్టాడు. అమీన్ బాలకిషన్ అప్పటికే పంతులు గదిలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్లవాడు. లంచం ముట్టడు, అబద్ధం చెప్పడు. ఉన్న ఒకే ఒక్క జబ్బు తొందర. కేసు పట్టిన రోజే కట్ట కట్టెయ్యాలంటాడు.

“రాండ్రి వైకుంఠం సాబ్. మీరు వస్తరని నాకెర్కే. ఒక్క మాట చెప్త, కోపం చెయ్యకుండ్రి. మీరు తర్జుమా చేసేటోళ్లు. ఉన్నది ఉన్నట్టు చదువుండ్రి, లేనిది చదవకుండ్రి.”

“ఉన్నది చదివేటందుకు మీరున్నరు గద అమీన్ సాబ్. నేను లేనిదాని కోసమే వచ్చిన,” అన్నాడు వైకుంఠం నవ్వుతూ. గోడకు మేకు కొట్టి వేలాడదీసిన పెద్ద నల్లపలక వైపు తల ఊపాడు. “గా పలక మీద ఏం లేదు. చూసిండ్రా?”

“పలక మీద ఏం లేకపోతే అది గూడ సాక్ష్యం, గవాహియేనా?”

జవాబు వైకుంఠం నుంచి కాక, గడపలో నిలబడ్డ సత్తెమ్మ దగ్గర్నుంచి వచ్చింది. ఆమె ఈశ్వరయ్యకు చెల్లెలు, భర్త పోయినప్పటి నుంచి అన్న ఇల్లు చూసుకుంటున్నది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి.

“పలక ఎన్నడు తుడవడు మా అన్న,” అన్నదామె. “నన్ను గూడ ముట్టనియ్యడు. ఒక మూలకు గా లెక్క ఎప్పటికి ఉంటుండె. ఉర్దూ అంకెలల్ల. బడిల ఉర్దూలనే చెప్తడు గద, ఇంట్ల గూడ గట్లనే రాసుకుంటడు.”

“నిన్న నువ్వు ఇంటికి ఎప్పుడొచ్చినవమ్మా?”

“పదిన్నరకు మా మామ ఇంటికి పోయిన. జుమ్మా అజాన్ అయితుంటే తిరిగొచ్చిన. పన్నెండుంబావు అయి ఉంటది. అన్న గీడ పడున్నడు. పలక ఇంకా తడిగనే ఉండె. అప్పుడు నాకు గా సోయి యాడిది అన్నా.”

ఎండాకాలంలో తడిగుడ్డతో తుడిచిన పలక ఆరడానికి ఎంతసేపు పడుతుంది? ఎంత సేపనుకున్నా పావుగంట, ఇరవై నిమిషాలు. అంటే తుడిచింది పన్నెండు గంటల ప్రాంతంలో. ఈ లెక్క వేసుకుని వైకుంఠం అమీన్ ముందున్న బల్ల దగ్గరికి జరిగాడు. బల్ల మీద రెండు వస్తువులున్నాయి. లక్కను సాగదీసే ఇనుప కడ్డీ ఒకటి, మడతపెట్టిన కాగితం ఒకటి.

“కడ్డీ ఖాజాది. వాడే ఒప్పుకున్నడు,” అన్నాడు అమీన్.

“ఖాజా అన్నదే,” అంది సత్తెమ్మ. “ఆరు నెలల కింద మా అన్నే అడుక్కొచ్చుకున్నడు, పలక మీద చూపియ్యనీకి. అప్పటి సంది ఈ మూలకే ఉంటది.”

అమీన్ ముఖం కాస్త చిన్నబోయింది. వెంటనే కాగితం విప్పి వైకుంఠం కళ్ల ముందు పెట్టాడు. “కడ్డీ ఎవలదైతేంది. దీనికేమంటరు?”

చక్కని తెలుగు చేతిరాత. పైన ఇంగ్లీషు అంకెల్లో ఒక పెద్ద సంఖ్య. కింద నాలుగు వాక్యాలు. *ఖాజా నా లెక్కను తనదంటున్నాడు. బుధవారం నన్ను చంపుతానని బెదిరించాడు. నాకేమైనా అయితే వాడే కారకుడు. ఇది నా చేతులారా రాసినది.* కింద ఈశ్వరయ్య సంతకం.

“మీద గా లెక్క ఎందుకున్నది?”

“మా అన్న ఏ కాయితం రాసినా మీద అదే రాస్తడు,” అన్నది సత్తెమ్మ. “మనం శ్రీరామ అని రాస్తం. ఖాజా అన్న ఏడువందల ఎనభై ఆరు రాస్తడు. మా అన్నకు గా లెక్కనే దేవుడు.”

“విన్నరు గద,” అన్నాడు అమీన్. “మోహర్ ముద్ర వేసినట్టే. రాత ఆయనదే, దస్తఖత్ ఆయనదే, ఆయన దేవుడు గూడ మీద కూసున్నడు. రేపు పదింటికి ఖాజాను అదాలత్‌ల పెడ్త. మీరు నడుమల రాకుండ్రి.”

వైకుంఠం అప్పటికే పెన్సిల్ తీశాడు. ఉత్తరం మీది అంకెలను తన పుస్తకంలోకి ఎక్కించుకుంటున్నాడు. అంతలో వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది.

వచ్చినవాడు రామ్‌చందర్. పంతులు బడిలోనే తెలుగు చెప్తాడు. రెండేళ్లుగా ఈ ఇంట్లోనే ముందు అర్రలో అద్దెకుంటున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, తెల్లటి బట్టలు, మెత్తటి మాట. రాత్రంతా దవాఖానాలో పంతులు పక్కన కూర్చున్నది ఇతనే. సత్తెమ్మ అతన్ని చూడగానే వంటింట్లోకి వెళ్లి జావ పొయ్యి మీది నుంచి దింపింది.

“నన్ను గూడ అడుగుండ్రి సాబ్,” అన్నాడు రామ్‌చందర్ తనే. “అమీన్ సాబ్‌కు చెప్పిన. మీకు గూడ చెప్త. నాకాయన బాపు లెక్క.”

“నిన్న మీరు ఇంట్లకెళ్లి ఎన్నింటికి బయలెల్లిండ్రు?”

“పదకొండున్నరకు. జర ఖాజాను తోల్కరా పో అని పంతులే తోలిండు. అప్పటికి ఆయన మంచిగనే ఉన్నడు, కూసోని రాస్తుండె. పావు తక్కువ పన్నెండుకు నేను లాడ్ బజార్‌ల ఉన్న. ఖాజా దుకాణం బంద్ ఉండె. జర సేపు నిలవడి, అటే మార్కెట్ దిక్కు పోయిన.”

“ఆ వరుసల దుకాణాలన్ని ఒక్క తీరే ఉంటయి. మీరు చూసింది ఖాజాదే అని ఎట్ల?”

రామ్‌చందర్ చిన్నగా నవ్వాడు. “నంబర్ రేకు ఉంటది గద. పది నంబర్. చదువుకున్నోన్ని, గంత చూసుకోనా?”

“ఎక్కడ చదివిండ్రు?”

“అఫ్జల్‌గంజ్ దిక్కు సర్కారీ బడిల. పుట్టింది గూడ గాడనే. మొత్తం ఉర్దూలనే చదివిన, తెలుగు ఇంట్ల నేర్చుకున్న.”

అన్నం తింటుంటే పంటికింద రాయి తగిలినట్టు వైకుంఠానికి ఏదో కరుక్కుమంది. నాలుకతో వెతికితే దొరకలేదు. సమయాలన్నీ సరిపోయాయి. మాటలన్నీ సరిపోయాయి. అయినా రాయి ఉంది.

“బుధవారం లొల్లి మీరు విన్నరా?”

“ఈ గల్లిల విననిది ఎవలు?” అని రామ్‌చందర్ లేచాడు. “డాక్టర్ సాబ్ సాయంత్రం వరకు పంతులు కండ్లు తెరువొచ్చు అన్నడు. నేను జావ తీస్కపోత. సత్తెక్కా, నువ్వు జర ఒరుగు, నిన్నటి సంది కన్ను మూయలేదు. నేను కూసుంట ఆయన పక్కన.”

అతను వంటింటి వైపు వెళ్లి, తర్వాత ముందు అర్రలోకి వెళ్లి, చేతిలో గుడ్డసంచితో బయటికి నడిచాడు. అప్పుడు సమయం మూడున్నర. ఎంత మంచివాడో అని సత్తెమ్మ కళ్లు ఒత్తుకుంది.

* * *

ఆ తర్వాత అరగంట సేపు వైకుంఠం కదల్లేదు. బల్ల మీద గాజు పెట్టాడు, పక్కన పుస్తకం పెట్టాడు. గాజు చెప్పిన లెక్క పైన, ఉత్తరం చెప్పిన లెక్క కింద.

105263157894736842
10263107894736842

మొదట చూసినప్పుడు రెండూ ఒకటే అనిపించాయి. రెండూ పదితో మొదలవుతాయి, రెండూ నలభై రెండుతో ముగుస్తాయి. ఎవరైనా అక్కడే ఆగిపోతారు. కాని గాజుకు పద్దెనిమిది ఇళ్లుంటే ఉత్తరానికి పదిహేడే ఉన్నాయి. మనిషి దేవుడి పేరు రాసేటప్పుడు అక్షరం మింగుతాడా?

“అమీన్ సాబ్, ఒకసారి చూడుండ్రి. ఉత్తరం మీది లెక్క తప్పు.”

“ఎవలు చెప్పిండ్రు? గాజు చెప్పిందా?” అమీన్ కుర్చీలో వెనక్కి వాలాడు. “నేరం మీదున్న ముల్జిం చేసిన గాజు. ముల్జిం ఇంట్లకెళ్లి తెచ్చిండ్రు. రేపు అదాలత్‌ల హాకిం ముంగట గిదే చెప్పుండ్రి, అందరు నవ్వుతరు. గాజే తప్పేమో. వాడు బుధవారం ఒకసారి తప్పు చేసిండు గద.”

మాటలో న్యాయముంది. వైకుంఠం గాజును మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. చేతిలో పట్టుకోగానే తప్పని పంతులు ఎలా చెప్పగలిగాడు? ఎదురింటిని అడుగు అన్నాడు. ఆయన కళ్లు ఖాళీ ఇంటి మీద పడ్డాయి. గాజులో దానికి సరిగ్గా ఎదురుగా ఏ ఇల్లుందో చూశాడు. తొమ్మిది రాళ్ల ఇల్లు. పక్కనే ఉన్న ఒంటిరాయి ఇంటికి ఎదురుగా ఎనిమిది. అయిదుకు ఎదురుగా నాలుగు. రెండుకు ఎదురుగా ఏడు.

ఏమీ లేని ఇంటికి ఎదురుగా నిండు ఇల్లు. ఒకరి దగ్గర తక్కువైనది ఎదుటివారి దగ్గర ఉంది. ఎదురెదురు ఇళ్లు ఏ రెంటిని కలిపినా తొమ్మిదే. చదువు రాని ఖాజా, చదువు తప్ప ఏమీ రాని ఈశ్వరయ్య, ఇన్నాళ్లూ ఎదురెదురుగా కూర్చుని ఈ లెక్కనే తిప్పుకున్నారన్నమాట.

“మీరే లెక్కవెట్టుండ్రి,” అని గాజు అమీన్ చేతికిచ్చాడు. “ఏ ఇంటినైనా పట్టుకొని, ఎదురింటితోని కలుపుండ్రి.”

అమీన్ మొదట విసుగ్గా తీసుకున్నాడు. రెండిళ్లు కలిపాడు, నాలుగిళ్లు కలిపాడు. తర్వాత ముందుకు వంగాడు. తొమ్మిది జంటలూ అయ్యేదాకా తల ఎత్తలేదు.

“అన్ని తొమ్మిదే,” అన్నాడు నెమ్మదిగా.

“ఒక్క రాయి ఎక్కువైనా తక్కువైనా ఎదురిల్లు పట్టిస్తది. గాజు సరిగున్నది. ఇగ ఉత్తరం చూడుండ్రి. పదిహేడు అంకెలల్ల ఎదురిల్లే దొరకది. గీ లెక్కను దేవుని పేరు లెక్క రోజు రాసే మనిషి గిట్ల రాస్తడా?”

“దెబ్బ తింటనని భయపడి రాసిండేమో. చెయ్యి వణికిందేమో.”

“వణికితే అక్షరం వంకరపోతది. అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయి, లెక్కనే తప్పింది. అది గూడ ఎట్ల తప్పింది? ఉన్న ఒక్క సున్నా మాయమైంది. ఉన్న రెండు అయిదులూ సున్నాలైనయి. మిగిలిన అంకె ఒక్కటి చెడలేదు. గిది వణుకు గాదు అమీన్ సాబ్.”

వైకుంఠం లేచి, సుద్దముక్క తీసుకుని, ఖాళీ పలక మీద గాజు లెక్కను ఉర్దూ అంకెల్లో రాశాడు. పంతులు రాసినట్టే, చకచకా. “దీన్ని జర ఇంగ్లీషు అంకెలల్ల దించుండ్రి.”

అమీన్ అనుమానంగా చూసినా పెన్సిల్ తీసుకున్నాడు. గబగబా దించాడు. 105263157894736842. ఒక్కటీ తప్పలేదు.

“ఉర్దూల అయిదు గుండ్రంగ ఉంటది, సున్నా ఒట్టి చుక్క. మీరు ఉర్దూ బడిల చదివిండ్రు. గుండ్రంగ ఉన్నదాన్ని చూస్తే మీ చెయ్యి అయిదు అని రాసింది. చుక్కను చూస్తే సున్నా అని రాసింది. ఆలోచించనే లేదు. ఇగ చిన్నప్పుడు తెలుగు బడిల, ఇంగ్లీషు బడిల అంకెలు దిద్దినోడు పలక ముంగట నిలవడ్డడనుకోండ్రి. తను కొట్టిన మనిషి కాళ్లకాడ పడి ఉన్నడు. సత్తెమ్మ ఏ గడియల వస్తదో తెల్వది. ఉర్దూ అంకెలు పెద్దయినంక నేర్చినోడు, తొందరల చెయ్యి పాత అలవాటుకే ఉరుకుతుంటది. గుండ్రంగ ఉన్నదాన్ని వాడేమంటడు?”

అమీన్ పలక వైపు చూశాడు, ఉత్తరం వైపు చూశాడు. “సున్నా అంటడు.”

“చుక్కను?”

“సుద్ద మచ్చ అనుకొని ఇడిసిపెడ్తడు.” అమీన్ లేచి పలక దగ్గరికి వచ్చాడు. “ఒకటి, చుక్క పోయింది, అయిదు సున్నా అయింది. పది అని మొదలయింది. వాడు సరిగ్గనే దించిన అనుకున్నడు.”

“అనుకొని, దేన్ల చూసి దించిండో తెల్వకుండ పలక తుడిసిండు. తుడిస్తే లెక్క పోతది అనుకున్నడు. కరగబోసినంక మళ్ల చేసిన గాజుల అది ఉన్నదని వానికి తెల్వది. ఖాజాకు తెలుగు రాత రాదు. ఒకవేళ వచ్చి, వాడే పొరపాటు పడ్డా, ఇంగ్లీషు సున్నాను చూసి అయిదు అంటడు గాని, అయిదును సున్నా అనడు. ఇది ఉర్దూ ఎరిగిన చెయ్యి చేసే తప్పు గాదు.”

అది అంటుండగానే పంటికింద రాయి దొరికింది. నీలం రేకు. తెల్ల అంకెలు. ఒకటి, పక్కన గుండ్రం. పొద్దున ఆ గుమ్మం కింద నిలబడి తాను పదిహేను అని చదివాడు. ఇంకొకడు అదే గుమ్మం ముందు నిలబడి పది అని చదివాడు.

“అమీన్ సాబ్, లాడ్ బజార్‌ల పది నంబర్ ఏం దుకాణం?”

“పది నంబరా? అత్తర్ల ముసలాయనది. నమాజ్‌కు పోతే గూడ మనవణ్ణి కూసోవెట్టి పోతడు. అది ఎన్నడు బంద్ ఉండది.” చెప్పిన తర్వాత తన మాట తనకే వినపడి అమీన్ గబుక్కున ఇటు తిరిగాడు. “ఖాజాది పదిహేను. నిన్న నేనే పంచనామా రాసిన.”

“ఈ ఒక్క మాట మటుకు రామ్‌చందర్ అబద్ధం చెప్పలేదు. నిజంగనే ఆడికి పోయిండు, నిజంగనే రేకు చూసిండు. చూసింది చూసినట్టు చెప్పిండు, మార్కెట్‌కు గాక పావుగంటల ఇంటికి మళ్లి వచ్చింది మటుకు చెప్పలేదు.”

“కాని ఆయన ఉర్దూలనే చదివిన అన్నడు.”

“అన్నడు,” అన్నాడు వైకుంఠం. గడప దగ్గర ఎప్పటి నుంచో నిలబడి వింటున్న సత్తెమ్మ వైపు తిరిగాడు. “అమ్మా, గీ రెండు మూడు దినాలల్ల మీ అన్న దేనికన్న పరేషాన్ అయిండా?”

ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. “గురువారం రాత్రి బువ్వ తినలేదన్నా. ‘లెక్క కలుస్తలేదు సత్తెమ్మా’ అన్నడు. గాజు లెక్కనేమో అనుకున్న. ‘ఈ మనిషి చదివిన అని చెప్పే బడికీ, ఈ మనిషికీ లెక్క కలుస్తలేదు’ అన్నడు. చేతుల రామ్‌చందర్ కాయితాలుండె.”

“ముల్కీ కాయితాలు,” అన్నాడు అమీన్ పళ్ల బిగువున. “ఈ రాజ్యంలనే పుట్టి పెరిగినోడని రుజువు లేనిది సర్కారీ నౌకరీ పక్కా గాదు. దాని మీద బడిల అందరికన్న పెద్ద పంతులైన ఈశ్వరయ్య దస్తఖత్ కావాలె. ఆయన చేయనన్నడన్న మాట.”

ఎక్కడినుంచో బతకడానికి రావడం నేరం కాదు. ఈ ఊరు అలాంటివాళ్లను ఎంతమందినో కడుపులో పెట్టుకుంది, ఆ పిల్లవాడు నిజం చెప్పుకుంటే పంతులే ఏదో దారి చూపించి ఉండేవాడు. అది తలచుకుంటే వైకుంఠానికి కోపం కంటే బాధే ఎక్కువ కలిగింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఈశ్వరయ్య పట్టుకున్నాడు, పట్టుకుని నలుగురికి చెప్పకుండా ఒంటరిగా పిలిచి అడిగి ఉంటాడు. అందుకే తల పగిలింది.

“ఖాజాను ఇడిసిపెట్టుండ్రి, అమీన్ సాబ్.”

“ఇడుస్త. పొద్దటిదాంక ఆగను, ఇప్పుడే చిట్టీ రాస్త,” అన్నాడు బాలకిషన్. తప్పు ఒప్పుకోవడానికి ఆ మనిషికి ఎక్కువ సేపు పట్టలేదు, అది ఆయనలోని మంచి. టోపీ తీసుకుని, సగం పెట్టుకుని, ఆగాడు. “వైకుంఠం సాబ్. పంతులు సాయంత్రం కండ్లు తెరుస్తడని డాక్టర్ ఎవలతోని అన్నడు?”

వైకుంఠం గడియారం చూశాడు. నాలుగుంబావు. మూడున్నరకు వెళ్లాడు. నలభై అయిదు నిమిషాలు. కళ్లు తెరిస్తే మొదట ఎవరి పేరు చెప్తాడో తెలిసిన మనిషి ఇప్పుడు ఆ మంచం పక్కన కూర్చుని ఉన్నాడు, అదీ అందరూ మెచ్చుకుంటుండగా.

“జావ తాగవెడ్తనని పోయిండు,” అన్నాడు వైకుంఠం. “తొందరగ నడువుండ్రి. జావల ఏమన్న కలిపిండేమో.”

వాళ్లు వాకిలి దాటుతుండగా వంటింట్లోకి పరుగెత్తిన సత్తెమ్మ వెనక్కి వచ్చింది. రెండు చేతులతో మూతపెట్టిన ఇత్తడి గిన్నె పట్టుకుని ఉంది.

“అన్నా, జావ గిన్నె ఈడనే ఉన్నది. పెట్టింది పెట్టినట్టే ఉన్నది. మరి ముందు అర్రలకెళ్లి గా సంచిల ఏం పట్టుకపోయిండు?”